గర్భిణికి ఆయాసం... అన్నిసార్లూ మామూలు కాదు

ఏడో నెల నడుస్తుంటుంది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. రాత్రి వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు. రెండు దిండ్లు ఎత్తుగా పెట్టుకుని, గోడకు చేరగిలబడి తెల్లవారేదాకా కూర్చోవాల్సి వస్తుంది. 'కడుపులో బిడ్డ పెరుగుతుంటే ఆయాసం రాదా, మేం మోయలేదా' అని ఇంట్లో పెద్దలు ధైర్యం చెబుతారు. రక్తం తక్కువగా ఉందని ఐరన్ మాత్రలు, దగ్గు తగ్గేందుకు ఓ మందు సీసా ఇంటికి వస్తాయి. నీరసంగా ఉందంటే సమీపంలోని ఆర్‌ఎంపీ సెలైన్ ఎక్కిస్తాడు. ఆ రాత్రే దగ్గుతోపాటు గులాబీ రంగు నురగ పడుతుంది. హడావుడిగా 108లో పెద్దాసుపత్రికి చేర్చి ఎకో తీయిస్తే గుండెలో ఒక కవాటం ఏళ్ల కిందటే బిగుసుకుపోయిందని తేలుతుంది.

ఇది ఏ ఒక్క ఇంటి కథో కాదు. గుండె జబ్బు ఉన్న సంగతి గర్భం దాల్చాకే, అదీ ప్రాణం మీదికి వచ్చాకే బయటపడటం మన ప్రాంతంలో ప్రసూతి వైద్యులకు, హృద్రోగ నిపుణులకు తరచూ ఎదురయ్యే పరిస్థితి. జబ్బు ముందే తెలిసి, తగిన ఆసుపత్రి పర్యవేక్షణలో ఉన్న స్త్రీలలో అత్యధికులు క్షేమంగా తల్లులవుతున్నారు. గుండె జబ్బుతో గర్భం దాల్చిన స్త్రీల వివరాలను 2007 నుంచి 2018 వరకు 53 దేశాల్లోని ఆసుపత్రుల నుంచి ఐరోపా హృద్రోగ నిపుణుల సంఘం సేకరించింది. మొత్తం 5,739 గర్భాలను పరిశీలించగా తల్లి మరణాలు 0.6 శాతం. నూటికి 11 మందికి గుండె వైఫల్య లక్షణాలు కనిపించాయి. అయితే ఈ లెక్కలు ఆసుపత్రికి చేరిన వారివి. చేరనివారు ఏ పట్టికలోనూ ఉండరు.

గుండెపై పెరిగే భారం

గర్భం నిలిచిన కొద్ది వారాలకే తల్లి శరీరంలో రక్త పరిమాణం పెరగడం మొదలవుతుంది. ఏడెనిమిది నెలలు వచ్చేసరికి మామూలుకంటే 40 నుంచి 50 శాతం దాకా పెరుగుతుంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి దాదాపు 5 లీటర్ల రక్తాన్ని తోడే గుండె, అప్పుడు 7 లీటర్ల వరకు తోడాల్సి వస్తుంది. నాడి కూడా నిమిషానికి 10 నుంచి 20 సార్లు అదనంగా కొట్టుకుంటుంది. ఆరోగ్యవంతమైన గుండె ఈ భారాన్ని సునాయాసంగా మోస్తుంది. లోపమున్న గుండె మాత్రం అప్పటిదాకా నెట్టుకొచ్చినా ఇక్కడ తట్టుకోలేదు. పొలం పనులు చేసుకుంటూ, బిందెలతో నీళ్లు మోసుకుంటూ ఏ ఇబ్బందీ లేకుండా తిరిగిన అమ్మాయికి ఆరో నెలలో హఠాత్తుగా జబ్బు పుట్టుకొచ్చినట్లు అనిపించడానికి కారణమిదే. జబ్బు పాతదే, బయటపడటం మాత్రమే కొత్త.

గొంతు నొప్పితో మొదలై...

పాశ్చాత్య దేశాల్లో గర్భిణుల్లో కనిపించే గుండె జబ్బుల్లో పుట్టుకతో వచ్చినవే ఎక్కువ. మన దేశంలో ఇప్పటికీ రుమాటిక్ గుండె జబ్బు బలంగానే ఉంది. దీని మూలం బాల్యంలో వచ్చే గొంతు నొప్పి. 5 నుంచి 15 ఏళ్ల మధ్య పిల్లల్లో ఒక రకం స్ట్రెప్టోకోకస్ బ్యాక్టీరియా వల్ల గొంతు నొప్పి వచ్చి, సరైన మందు పడకపోతే రెండు మూడు వారాల తర్వాత కొందరికి జ్వరం, కీళ్ల వాపులు వస్తాయి. ఒక మోకాలు తగ్గితే మరో చీలమండ వాస్తుంది. కొన్నాళ్లకు అన్నీ సర్దుకుంటాయి, ఇంట్లోవారు మర్చిపోతారు. కీళ్లను తాకి వదిలేసిన ఆ జ్వరం గుండె కవాటాలను మాత్రం వదలదు. ఇరుకిళ్లలో పదిమంది కలిసి పడుకునే పేద కుటుంబాల పిల్లల్లోనే ఇది ఎక్కువగా కనిపించడం గమనార్హం.

ఎక్కువగా దెబ్బతినేది గుండె ఎడమవైపు పై గదికి, కింది గదికి మధ్య ఉండే మిట్రల్ కవాటం. ఆరోగ్యవంతులలో దీని ద్వారం 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు, అంటే సుమారు రూపాయి బిళ్లంత. జబ్బు ముదిరినవారిలో ఇది ఒకటిన్నర చదరపు సెంటీమీటర్లకు, కొందరిలో చొక్కా గుండీ అంతకు కుదించుకుపోతుంది. గర్భిణికి రక్తం పెరిగింది, నాడి వేగం పెరిగింది. గుండె వేగంగా కొట్టుకున్నకొద్దీ ఇరుకు ద్వారం గుండా రక్తం కిందికి దిగే వ్యవధి తగ్గుతుంది. దిగని రక్తం వెనక్కు తన్ని ఊపిరితిత్తుల్లో ఒత్తిడి పెంచుతుంది. చివరకు అక్కడ నీరు చేరుతుంది. గులాబీ రంగు నురగ అదే.

ఇటువంటి స్థితిలో నీరసమంటూ వేగంగా ఎక్కించే సెలైన్ సీసా ఎంత అపాయమో వేరుగా చెప్పనక్కర్లేదు. రక్తహీనత సైతం గుండె వేగాన్ని మరింత పెంచుతుంది. మన రాష్ట్రంలో గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నట్లు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. దీంతో మరో చిక్కు వచ్చి పడుతోంది. ఆయాసానికి రక్తహీనతే కారణమని సరిపెట్టుకోవడం తేలికవుతోంది. రెండూ కలిసి ఉండవచ్చన్న అనుమానం రావడం లేదు.

ఏది మామూలు, ఏది కాదు

నిండు నెలల్లో మెట్లెక్కితే కొద్దిపాటి ఆయాసం, సాయంత్రానికి పాదాల్లో స్వల్ప వాపు సహజమే. పక్కకు తిరిగి పడుకున్నా ఊపిరి అందకపోవడం సహజం కాదు. గాఢ నిద్రలో ఊపిరాడక ఉలిక్కిపడి లేచి కూర్చోవడం, ఆగని దగ్గు, కఫంలో రక్తపు జీర, గుండె దడదడ ఎక్కువసేపు ఆగకపోవడం, పని చేస్తూ స్పృహ తప్పడం, ఛాతీలో నొప్పి, పెదవులు గోళ్లు నీలంగా మారడం - వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ రోజే వైద్యుడికి చూపించాలి. నిన్నటిదాకా చేసుకున్న పని ఇవాళ చేయలేకపోవడం కూడా అలాంటి సూచనే. దీన్ని గుర్తించగలిగేది ఇంట్లోవారు మాత్రమే.

ఎకో పరీక్షపై ఇంకా అపోహలున్నాయి. ఇది కడుపులో బిడ్డను చూసే స్కానింగ్ వంటిదే. ధ్వని తరంగాలతో చేసేది కాబట్టి తల్లికి గానీ బిడ్డకు గానీ హాని ఉండదు. ఈసీజీతోనూ అంతే. అంతకంటే ముందు చేయాల్సిన పని ఇంకా చిన్నది. గర్భిణిని పరీక్షించే చోట రక్తపోటు చూడటానికి స్టెతస్కోప్ ఎలాగూ చేతిలో ఉంటుంది. దాన్ని ఒక్క నిమిషం ఛాతీ మీద కూడా ఆనిస్తే గుండె చప్పుడులోని తేడా అనుభవమున్న చెవికి దొరుకుతుంది. రద్దీలో చాలాచోట్ల ఆ నిమిషమే కరవవుతోంది.

గర్భంలోనే బెలూన్ చికిత్స

మిట్రల్ కవాటం ఇరుకైందని తేలినంత మాత్రాన అంతా అయిపోయినట్లు కాదు. చాలామందికి విశ్రాంతి, ఉప్పు తగ్గించడం, నాడి వేగాన్ని అదుపు చేసే మెటోప్రొలాల్ వంటి మాత్రలు, నీరు తీసే మందులతోనే ప్రసవం దాకా గట్టెక్కించవచ్చు. వీటికి లొంగకపోతే బెలూన్ చికిత్స ఉంది. తొడ దగ్గరి సిర ద్వారా సన్నని గొట్టాన్ని గుండెలోకి పంపి, కవాటం మధ్య బెలూన్‌ను ఉబ్బించి, అతుక్కున్న రెక్కలను విడదీస్తారు. జపాన్ శస్త్రవైద్యుడు కాంజి ఇనోవే 1980ల ఆరంభంలో రూపొందించిన ఈ పద్ధతి, రుమాటిక్ జబ్బు ఎక్కువగా ఉన్న మన దేశంలో విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. గర్భిణులకు వీలైతే 20 వారాలు దాటాక, పొట్టపై కిరణాలు పడకుండా సీసపు కవచం కప్పి చేస్తారు. ఛాతీ కోయనక్కర్లేదు. పేద కుటుంబాలకు ఈ చికిత్స ప్రభుత్వ ఆరోగ్య పథకంలో లభిస్తోంది. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో ఆరోగ్యశ్రీగా మొదలైన ఆ పథకం తెలంగాణలో అదే పేరుతో, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తోంది. అసలు గర్భానికి ముందే చేయించుకుంటే ఈ హైరానా అంతా ఉండదు.

పెళ్లిచూపుల్లో దాచిన మచ్చ

ఆరోగ్యశ్రీ తొలి ఏళ్లలో గుండెకు ఉచితంగా శస్త్రచికిత్సలు చేయించుకున్న ఆడపిల్లలు ఇప్పుడు పెళ్లీడుకు వచ్చారు. కొందరు తల్లులయ్యారు కూడా. గుండెలో రంధ్రం చిన్నతనంలోనే పూడ్చి, ఊపిరితిత్తుల్లో ఒత్తిడి మామూలుగా ఉంటే వారికి గర్భం దాదాపు ఇతరులతో సమానమే. కష్టమల్లా ఆ సంగతి దాచడంతోనే. సంబంధం చెడిపోతుందన్న భయంతో ఛాతీపై మచ్చకు ఏదో కారణం చెబుతారు. పాత ఎకో కాగితాలు పుట్టింటి పెట్టెలో ఉండిపోతాయి. మూడు వారాలకోసారి వేయించుకునే పెన్సిలిన్ ఇంజెక్షన్ అత్తవారింట్లో ప్రశ్నలకు జడిసి ఆగిపోతుంది. కొత్త ఊళ్లో గర్భిణిగా పేరు నమోదు చేసే ఆశా కార్యకర్తకు గానీ, ఏఎన్‌ఎంకు గానీ ఏమీ తెలియదు. ఈ విషయంలో తప్పంతా అమ్మాయి తల్లిదండ్రులదే అనడం న్యాయం కాదు. నిజం చెబితే పెళ్లి కాదని వారికి నేర్పింది చుట్టూ ఉన్న సమాజమే. అయినా దాపరికానికి మూల్యం చెల్లించేది మాత్రం ఆ అమ్మాయే. పెన్సిలిన్ ఇంజెక్షన్ గర్భంలోనూ సురక్షితమే, ఆపాల్సిన పని లేదు.

తల్లికి మేలు, బిడ్డకు కీడు

లోహపు కృత్రిమ కవాటం అమర్చిన స్త్రీల పరిస్థితి అన్నిటికంటే చిక్కైనది. కవాటంపై రక్తం గడ్డకట్టకుండా వారు జీవితాంతం వార్ఫరిన్, అసిట్రోమ్ వంటి మాత్రలు వాడాలి. ఇవి మాయ దాటి బిడ్డను చేరతాయి. ముఖ్యంగా 6 నుంచి 12 వారాల మధ్య బిడ్డ ముక్కు, ఎముకల ఎదుగుదలను దెబ్బతీసే ప్రమాదం ఉంది. రోజుకు 5 మిల్లీగ్రాములలోపు వార్ఫరిన్ సరిపోయేవారిలో ఈ ముప్పు తక్కువ. హెపారిన్ ఇంజెక్షన్లు మాయను దాటవు కనుక బిడ్డకు ఇబ్బంది లేదు, కానీ తల్లి కవాటంపై గడ్డ ఏర్పడే అవకాశం పెరుగుతుంది. ఏ వారంలో ఏ మందు వాడాలో హృద్రోగ నిపుణుడు, ప్రసూతి వైద్యురాలు కలిసి నిర్ణయించాలి. పైన చెప్పిన ఐరోపా సంఘం సమాచారం ప్రకారం లోహపు కవాటం ఉన్నవారిలో పెద్ద ఇక్కట్లేవీ లేకుండా బిడ్డను ఎత్తుకున్నవారు 58 శాతమే.

అన్నిటికంటే ప్రాణాంతకమైన పొరపాటు వేరే ఉంది. నెల తప్పిందని తెలియగానే, బిడ్డకు మంచిది కాదని ఎవరో చెప్పారని, తమంతట తామే మాత్రలు ఆపేయడం. కొద్ది రోజుల్లోనే కవాటం గడ్డతో బిగుసుకుపోవచ్చు. పక్షవాతం రావచ్చు. మాత్ర ఆపకుండా ఆ వారంలోనే వైద్యుని కలవడమే మార్గం. పెళ్లి కావలసిన అమ్మాయికి కవాటం మార్చాల్సి వస్తే ఈ సంగతి ముందే చర్చకు రావాలి. జంతు కణజాలంతో చేసిన కవాటానికి జీవితాంతం ఈ మాత్రలు అవసరం ఉండదు. అయితే పది పదిహేనేళ్లకు అది అరిగిపోయి మళ్లీ శస్త్రచికిత్స తప్పదు. ఏది మేలో ఒక్క మాటలో తేలే విషయం కాదు.

రక్తపోటుకు, గుండె బలహీనతకు వాడే ఎనలాప్రిల్, రామిప్రిల్, టెల్మిసార్టాన్ వంటి మందులు మాత్రం గర్భంలో పనికిరావు. వీటిని వాడుతున్నవారు గర్భానికి ప్రయత్నించే ముందే మందు మార్పించుకోవాలి.

వద్దని చెప్పాల్సిన సందర్భాలు

కొన్ని జబ్బుల్లో వైద్యులు గర్భం వద్దనే చెబుతారు. ఊపిరితిత్తుల ధమనుల్లో ఒత్తిడి బాగా పెరిగినవారు, పూడ్చని రంధ్రం వల్ల శరీరం నీలంగా మారినవారు, గుండె పంపింగ్ సామర్థ్యం 30 శాతం కంటే తగ్గినవారు, కవాటం తీవ్రంగా బిగుసుకున్నా చికిత్స చేయించుకోనివారు ఈ కోవలోకి వస్తారు. ఐరోపా సమాచారంలోనే ఊపిరితిత్తుల ధమనుల్లో ఒత్తిడి ఉన్న గర్భిణుల్లో మరణాలు 9 శాతం. కవాటం బిగుసుకున్నవారికి బెలూన్ చికిత్స తర్వాత దారి తెరుచుకుంటుంది కాబట్టి, వారి విషయంలో 'వద్దు' అంటే 'ఇప్పుడు వద్దు' అనే అర్థం. మిగిలినవారికి ఆ మాట చెప్పడం కష్టం, వినడం ఇంకా కష్టం. పిల్లలు లేకపోతే కాపురం నిలవదన్న భయం ఉన్న చోట 'ప్రాణం పోయినా సరే' అనే స్త్రీలు ఉన్నారు. ఆ మాట ఆమె ఇష్టంతో అంటోందా, చుట్టూ ఉన్నవారి ఒత్తిడితో అంటోందా అన్నది ఆమెతో ఏకాంతంగా మాట్లాడితే తప్ప తెలియదు.

గర్భం నిలిచి ముప్పు ఎక్కువని తేలితే చట్టం అవకాశం కల్పిస్తోంది. 1971 నాటి గర్భవిచ్ఛిత్తి చట్టాన్ని 2021లో సవరించారు. 20 వారాల వరకు ఒక వైద్యుని అభిప్రాయం చాలు. నిర్దేశిత వర్గాలకు 24 వారాల వరకు ఇద్దరు వైద్యుల అభిప్రాయం కావాలి. తల్లి ప్రాణం కాపాడేందుకు వెంటనే చేయాల్సి వస్తే ఆ గడువు అడ్డు కాదు. ఎంత ముందుగా అయితే తల్లికి అంత క్షేమం. నాలుగైదు నెలలు గడిచాక వచ్చేవారికి అదీ ప్రమాదమే అవుతోంది.

ప్రసవంతో గండం గడిచినట్లు కాదు

గుండె జబ్బుంటే సిజేరియన్ తప్పదన్నది చాలామంది నమ్మకం. సాధారణ ప్రసవంలో రక్తస్రావం తక్కువ కనుక చాలా సందర్భాల్లో వైద్యులు దానికే మొగ్గు చూపుతారు. నొప్పుల బాధతో గుండె వేగం పెరగకుండా వెన్నులో ఎపిడ్యూరల్ మందు ఇస్తారు. చివర్లో తల్లి ఎక్కువసేపు ముక్కాల్సిన అవసరం లేకుండా పట్టుకారు లేదా వాక్యూమ్‌తో బిడ్డను తీస్తారు. వార్ఫరిన్ వాడుతుండగానే నొప్పులు మొదలైనప్పుడు, బృహద్ధమని బాగా ఉబ్బినప్పుడు మాత్రం సిజేరియనే మేలు.

బిడ్డ పుట్టగానే కుటుంబం ఊపిరి పీల్చుకుంటుంది. వైద్యులకు అసలు ఆందోళన అప్పుడే. అప్పటిదాకా గర్భసంచిలో ఉన్న రక్తం ఒక్కసారిగా తల్లి గుండెకు తిరిగి వస్తుంది. ప్రసవం తర్వాత మొదటి రెండు మూడు రోజులు నిశిత పరిశీలన అవసరం కావడానికి ఇదే కారణం. మర్నాడే ఇంటికి తీసుకెళ్తామని పట్టుబట్టడం ఈ తల్లుల విషయంలో తగదు. బిడ్డకు చనుబాలు ఇవ్వవచ్చు. వార్ఫరిన్, హెపారిన్ వాడుతున్నా పాలు మాన్పించనక్కర్లేదు.

ఏ జబ్బూ లేని స్త్రీకి కూడా చివరి నెలలో గానీ, కాన్పయ్యాక 5 నెలల లోపు గానీ గుండె కండరం బలహీనపడే జబ్బు రావచ్చు. బాలింతకు ఒళ్లంతా నీరు పట్టిందని, పథ్యం చెడిందని ఇంటి వైద్యంతో కాలం గడిపితే ప్రమాదం. సకాలంలో మందులు వాడితే చాలామందిలో గుండె మళ్లీ కోలుకుంటుంది. పూర్తిగా కోలుకోనివారు మరోసారి గర్భం దాల్చకూడదు.

బిడ్డ విషయానికొస్తే రుమాటిక్ జబ్బు పుట్టుకతో సంక్రమించదు. తల్లికి పుట్టుకతో వచ్చిన లోపం ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం నూటికి మూడు నుంచి ఐదు వరకు ఉంటుంది. 18 నుంచి 22 వారాల మధ్య గర్భస్థ శిశువు గుండెను స్కానింగ్‌లో చూసి తెలుసుకోవచ్చు.

ఊరి నుంచి ఆసుపత్రి దాకా

ఉత్తరాంధ్ర మన్యంలో క్లిష్టమైన కాన్పులను చివరకు పంపేది విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రికే. పాడేరు నుంచి ఘాట్ రోడ్డు మీదుగా వంద కిలోమీటర్లకు పైమాటే. ఊపిరాడని గర్భిణికి ఆ ప్రయాణమే పరీక్ష. అందుకే ఎక్కడ ప్రసవించాలో నొప్పులు మొదలయ్యాక కాదు, ఐదో నెలలోనే తేల్చుకోవాలి. ప్రసవ తేదీకి రెండు మూడు వారాల ముందే పెద్దాసుపత్రికి దగ్గరగా చేరడం మంచిది. 2016లో మొదలైన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రతి నెలా 9న ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులను వైద్యులు ఉచితంగా పరీక్షిస్తారు. ముప్పు ఎక్కువగా ఉన్నవారి మాతా శిశు సంరక్షణ కార్డుపై ఎర్ర గుర్తు అతికిస్తారు. చిన్నప్పటి కీళ్ల నొప్పుల జ్వరం, గుండె శస్త్రచికిత్స, వాడుతున్న మందుల సంగతి ఆ రోజు తామే నోరు విప్పి చెప్పాలి. అడిగితే చెబుదాంలే అనుకోకూడదు.

కాన్పు తర్వాత గర్భ నిరోధం సంగతి ఆసుపత్రి నుంచి వెళ్లేలోపే తేల్చుకోవాలి. ఉచితంగా పంచే మాలా-ఎన్ వంటి మాత్రల్లోని ఈస్ట్రోజెన్ రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచుతుంది కాబట్టి కవాటం జబ్బున్న చాలామందికి పనికిరాదు. కాపర్-టి, మూడు నెలలకోసారి వేసే అంతర ఇంజెక్షన్ వంటివాటిలో ఏది తగునో వైద్యులు చెబుతారు. ఇక పిల్లలు చాలనుకున్న దంపతుల్లో, భార్య గుండె బలహీనమని తెలిసి కూడా శస్త్రచికిత్స బల్లపైకి ఆమెనే పంపడం మన దగ్గర ఆనవాయితీగా మారింది. భర్తకు చేసే వేసెక్టమీ కొద్ది నిమిషాల్లో, మత్తు ఇంజెక్షన్ ఆ చోట మాత్రమే ఇచ్చి ముగిసే పని. ఆమె గుండెపై దాని భారం ఏమీ ఉండదు.